తుఫాను జాబితాలో లేనివాళ్లు

మొంథా తుఫాను అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మూడు వారాలు తిరగకముందే వార్తల్లోంచి కూడా దాటిపోయింది. పునరావాస కేంద్రాలు మూసేశారు. విరిగిన కరెంటు స్తంభాలు చాలా చోట్ల నిలబెట్టారు. దాతల వ్యాన్లు వచ్చి వెళ్లిపోయాయి. ఇక అంతా సర్దుకున్నట్టే అని దూరాన ఉన్నవాళ్లు అనుకునే సమయం ఇది. తీరం మీద ఉన్నవాళ్లకు మాత్రం అసలు కష్టం మొదలయ్యే సమయం కూడా ఇదే. పంట చేతికి వస్తుందా, మగ్గం ఆడుతుందా, అప్పు తీరుతుందా అన్న ప్రశ్నలకు జవాబులు ఈ నవంబరు, డిసెంబరు నెలల్లోనే తేలతాయి.

అందుకే నవంబరు రెండో వారంలో మేము నలుగురం గుడివాడ నుంచి పెడన, మచిలీపట్నం మీదుగా దివిసీమ చివరి దాకా సైకిళ్ల మీద వెళ్లి చూసి వచ్చాం. నాలుగు రోజులు పట్టింది. సైకిళ్లే ఎందుకని కొందరు అడిగారు. పెడన నుంచి మోపిదేవి దాకా 216వ జాతీయ రహదారి ఉంది. కారులో పోతే రెండు గంటల్లో చూసి రావచ్చు. కానీ రహదారి మెరకన ఉంటుంది, నీళ్లు పల్లంలో ఉంటాయి. కాలువ గట్టు మీద, పుంత దారిలో, పేటల మధ్య సందులో సైకిలు పోతుంది, కారు పోదు. పైగా సైకిలు దిగి నిలబడ్డవాడిని చూసి ఎవరూ అధికారి అనుకోరు. "వందనాలండీ, ఎక్కడి నుంచి?" అని పలకరిస్తారు. నిజం అక్కడి నుంచి మొదలవుతుంది.

మేము చూసిన దానిలో సంతోషించదగ్గది ఒకటి, కలవరపడవలసింది ఒకటి ఉన్నాయి. రెండూ సంఘాల ముందు ఉంచడం మా బాధ్యత.

ప్రాణాలు దక్కాయి

ముందు సంతోషించదగ్గది. ఈ తీరం చరిత్ర తెలిసినవారికి దాని విలువ తెలుస్తుంది.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు ఊళ్లోకి వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్క. 1841లో బందరుకు వచ్చి, 1843లో అక్కడ పాఠశాల పెట్టిన రాబర్ట్ నోబుల్ ఆ ఉప్పెన నాటికి ఇంకా అక్కడే సేవ చేస్తున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. మన తెలుగు సంఘాల చరిత్ర, ఈ తీరపు ఉప్పెనల చరిత్ర మొదటి నుంచీ కలిసే నడిచాయన్నమాట.

1977 నవంబరు 19 గురించి చెప్పనక్కరలేదు. ఈ వారంతో దానికి నలభై ఎనిమిదేళ్లు. దివిసీమలో ఆ రోజు లేచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లలో వంశాలకు వంశాలే పోయాయి. తుఫాను ఎటు వస్తుందో, సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో ఆ పల్లెలకు చెప్పే ఏర్పాటు అప్పుడు లేదు. పారిపోవడానికి రోడ్డు లేదు, ఎక్కడానికి మేడ లేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, కృష్ణా నది ముఖద్వారం దగ్గర మరో పెను తుఫాను తీరం దాటింది. అది 1977 నాటి దానికి తీసిపోయేది కాదు. కానీ లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యికి కాస్త తక్కువ. పక్క రాష్ట్రం ఒడిశాలోనూ ఇదే కథ. 1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు పదివేల మంది పోయారు. 2013 ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించారు, మృతులు పదుల సంఖ్యలోనే ఆగారు. 1970లో లక్షల ప్రాణాలు పోగొట్టుకున్న బంగ్లాదేశ్ ఆ తర్వాత ఊరూరా వాలంటీర్లను తయారు చేసుకుంది. జెండా ఎగరేసి, మైకు పట్టుకుని ఇంటింటికీ హెచ్చరిక చెప్పే ఆ పద్ధతి అక్కడ లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది.

ఇప్పుడు బందరులో డాప్లర్ రాడార్ ఉంది. తుఫాను పుట్టక ముందే ఫోన్లలో సందేశం వస్తోంది. మొంథా సమయంలో గర్భిణులను ముందే ఆస్పత్రులకు చేర్చారు, పల్లపు పేటలవారిని బడులకు తరలించారు. ఇది ప్రభుత్వ సిబ్బంది, స్థానికులు కలిసి సాధించిన మేలు. దీనికి కృతజ్ఞత చెప్పాలి.

అయితే ఒక మాట మరవకూడదు. మన తీరంలో తుఫాను దాటే చోటుకు కుడివైపున, అంటే ఈశాన్యం వైపున, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఎడమవైపున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. 1977లో తుఫాను చీరాల దగ్గర దాటింది, దివిసీమ దానికి కుడివైపున పడింది. మొంథా నరసాపురం దగ్గర దాటింది, బందరు, దివిసీమ ఎడమవైపున పడ్డాయి. ఈసారి సముద్రం ఊళ్ల మీదికి రాకపోవడానికి కారణం తుఫాను అంత పెద్దది కాకపోవడం ఒకటైతే, అది దాటిన చోటు రెండోది. మన సన్నద్ధతకు పూర్తి పరీక్ష ఇంకా జరగలేదు.

పడిపోయిన చేను, సంతకం లేని కౌలు

గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, కవుతరం దాటి పెడన వచ్చే దారంతా సార్వా వరి. అక్టోబరు చివర అంటే కొన్ని చేలు పొట్ట మీద, కొన్ని పాలు పోసుకునే దశలో ఉన్నాయి. గాలికి పడిపోయిన చేను నీళ్లలో నానితే గింజ తాలవుతుంది, లేకపోతే రంగు మారుతుంది, ముదిరిన గింజ అయితే కంకి మీదే మొలకెత్తుతుంది. కొందరు రైతులు కూలీలను పెట్టి పడిన దుబ్బులను లేపి కట్టలు కట్టించారు. అలా లేపిన చేనుకు కోత ఖర్చు ఎటూ తప్పదు, దాని మీద ఈ ఖర్చు అదనం. నేల ఆరకపోతే మామూలు కోత మిషను దిగదు, చైను మిషను తేవాలి. దాని బాడుగ ఎక్కువ, పడిపోయిన చేను కోయడానికి పట్టే గంటలూ ఎక్కువ.

ఇప్పుడు నష్టం లెక్క ఎలా కడతారో చూద్దాం. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతింటేనే సాయం. 30 శాతం పోయినవాడికి ఏమీ రాదు. కేంద్రం నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 వరదల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000, అంటే ఎకరానికి 10,000 ఇచ్చింది. ఎకరం వరి పండించడానికి అయ్యే పెట్టుబడి తెలిసినవారు ఇది ఎంత భాగమో చెప్పగలరు. అయినా రావడం రాకపోవడం కంటే మేలే. ప్రశ్న ఏమిటంటే, ఎవరికి వస్తుంది?

ఈ డెల్టాలో చేను దున్నేవారిలో పెద్ద భాగం కౌలు రైతులు. మక్తా మాట ముందే అయిపోతుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని చెప్పుకుంటారు, పండినా ఎండినా కొలవాలి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు కార్డు ఇస్తారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానుల భయం. అడిగితే వచ్చే ఏడాది చేను ఇవ్వరేమోనని కౌలు రైతు భయం. కార్డు లేకపోతే ఈ-పంటలో పేరు ఎక్కడం కష్టం, పేరు లేకపోతే పరిహారం జాబితాలో చోటు ఉండదు.

గుడ్లవల్లేరు దాటిన తర్వాత గట్టు మీద కూర్చున్న ఒక కౌలు రైతు మాతో అన్న మాట ఇది: "చేను నాదండీ, పేరు ఆయనది. పురుగుమందు బాకీ నాది, డబ్బులు పడితే ఆయన ఖాతాలో. మంచోడు కాబట్టి సగమిస్తానన్నాడు. మంచోడు కాకపోతే?" ఒక మనిషి బతుకు మరో మనిషి మంచితనం మీద ఆధారపడితే దానిని ప్రభుత్వ సాయం అనగలమా? యజమానులలో మన విశ్వాసులూ ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్న కార్యాలయాలతో ఆగదు, మన మందిరం బల్లల మీదికీ వస్తుంది.

ఇక కూలీల సంగతి. డెల్టా పేటల్లోని మన సంఘాలలో ఎక్కువమంది భూమి లేనివారే. చేను పడిపోతే యజమానికి నష్టం, కౌలుదారుకు నష్టం. కోత పనీ, కుప్పనూర్పిడి పనీ పోయిన కూలీకి కూడా నష్టమే. కానీ అతనిది చేను కాదు కనుక అతని నష్టాన్ని కొలవడానికి ఎవరూ చేలోకి దిగరు. నిజానికి విపత్తు నిధి నిబంధనల్లో జీవనాధారం తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు, ఇంటికి ఇద్దరు పెద్దలకు, ఉపాధి హామీ కూలి రేటు చొప్పున ముప్పై రోజుల వరకు సాయం చేసే వీలు ఉంది. మేము మాట్లాడిన కూలీలలో ఒక్కరికీ ఆ వీలు ఉన్నదని తెలియదు. తెలియనిది ఎవరు అడుగుతారు?

పెడనలో గుంత మగ్గం

పెడనకు రెండు వృత్తులు ప్రాణం. ఒకటి చేనేత, రెండు కలంకారీ అద్దకం. రెండూ నీటితో బతికేవే, నీటితోనే చితికేవి.

చేనేత ఇక్కడ చాలావరకు గుంత మగ్గం మీద. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు పెట్టి తొక్కుతూ నేస్తారు. తుఫాను వానకు వీధిలో నీళ్లు ఒక్క రోజులోనే తీసినా, గుంతలో ఊట వారాల తరబడి తీయదు. తోడితే మళ్లీ ఊరుతుంది. తడి నేల మీద నూలు మెత్తబడుతుంది, పడుగు దారాలు తెగుతుంటాయి. ఇంటి కప్పు లేచిపోలేదు, గోడ కూలలేదు. కాబట్టి ఇల్లు దెబ్బతిన్న జాబితాలో పేరు రాదు. కానీ ఆ ఇంట్లో నెల రోజులుగా పని లేదు.

కలంకారీ సంగతీ అంతే. గుడ్డను కరక్కాయ కషాయంలో, పాలలో ముంచి ఆరబెట్టాలి. టేకు అచ్చులతో నలుపు, పటిక అద్ది మళ్లీ ఆరబెట్టాలి. కాలువలో పారే నీళ్లలో ఉతకాలి. చవలకొడి వేరుతో కాగులో ఉడికించి రంగు తెప్పించాలి, మళ్లీ ఉతకాలి, మళ్లీ ఎండ. ప్రతి మెట్టుకూ ఎండ కావాలి, పారే మంచినీరు కావాలి. తుఫాను పోయాక పది రోజులు మబ్బు ఉంటే పది రోజులు పని లేనట్టే. కాలువకు బురదనీరు వస్తే ఇంకో వారం. ఈ పని చేసేవారిలో స్త్రీలు ఎక్కువ. కూలి ముక్కకు ఇంత అని లెక్క, అద్దిన నాడే కూలి.

నిబంధనల్లో చేతివృత్తులవారికి పనిముట్లు పాడైతే 5,000, ముడిసరుకు లేదా తయారైన సరుకు పాడైతే మరో 5,000 రూపాయలు అని ఉంది. కానీ పెడనలో నూలు, గుడ్డ చాలాసార్లు షావుకారువి. మగ్గం విరగలేదు, సరుకు తనది కాదు, పోయింది పని దినాలు. పని దినాలకు ఆ వరుసలో గడి లేదు. ఒక అద్దకపు పనిచేసే అమ్మ మాటల్లో చెప్పాలంటే: "ఏం పోయిందమ్మా అని రాసుకోవడానికి వచ్చారు. ఏమీ పోలేదండీ, నెల పోయింది అన్నాను. నెల రాసుకోరు కదా!"

పెడన వీధుల్లో మాకు ఎదురైన ఈ కష్టం ఏ మతానిదీ కాదు. అద్దకం బల్ల దగ్గర నిలబడ్డవారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. సాయం చేసేటప్పుడు కూడా ఆ తేడా ఉండకూడదు.

బందరు రేవులో

మచిలీపట్నం గిలకలదిండి రేవులో పడవలు తిరిగి వేటకు వెళ్తున్నాయి. హెచ్చరిక రాగానే పడవలు లోపలికి తెచ్చుకోవడం వల్ల చాలావరకు దక్కాయి. కానీ హెచ్చరిక మొదలైన రోజు నుంచి సముద్రం శాంతించే దాకా వేట లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ప్రతి ఏటా ఉండే వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తోంది. తుఫాను హెచ్చరికలతో ముక్కలు ముక్కలుగా పోయే రోజులకు అలాంటి ఏర్పాటు లేదు. సముద్రంలోకి వెళ్లొద్దన్న మాట విన్నందుకు మత్స్యకారుడు కూలి పోగొట్టుకుంటున్నాడు. ప్రాణం కాపాడే ఆజ్ఞకు విలువ ఆ ఇల్లే చెల్లిస్తోంది. ఇది ఎక్కువకాలం సాగితే ఏదో ఒకనాడు ఎవరో ఒకరు ఆ మాట వినరు.

ఎండు చేపల పని చేసే స్త్రీలది మరో కథ. వాళ్లకు పడవ లేదు, వల లేదు, కార్డులో వృత్తి ఉండదు. ఇసుక మీద ఆరబెట్టిన చేప వానకు పాడైతే అది పారబోసే సరుకు. పెట్టుబడి వారం వడ్డీకి తెచ్చింది. మంగినపూడి వైపు కొత్త ఓడరేవు పనులు సాగుతున్నాయి. రేవు వస్తే పనులు వస్తాయని యువకులు ఆశగా ఉన్నారు. ఆ ఆశ నెరవేరాలనే మా కోరిక. అయితే పెద్ద పనుల మధ్య ఈ చిన్న బతుకులు ఎవరి కంటికీ ఆనకుండా పోకూడదు.

దివిసీమ: కట్ట, మడ, జ్ఞాపకం

అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప వైపు పోతే ఎదురుగాలికి సైకిలు నడవదు. దిగి తోసుకుంటూ పోవాలి. అలా పోతుంటేనే సముద్రపు కరకట్ట ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ కరిగిపోయిందో కాళ్లకు తెలుస్తుంది. 1977 తర్వాత ఈ కట్టలకు, తుఫాను షెల్టర్లకు ప్రాణం పోసింది ఒక పెద్ద ప్రయత్నం. అప్పట్లో మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు తన సీమను నిలబెట్టడానికి చేసిన కృషిని ఇక్కడ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా విరాళాలు సేకరించారు. మదర్ థెరీసా వచ్చారు. కాసా వంటి చర్చి సహాయ సంస్థలు కూడా ఆ పునర్నిర్మాణంలో చేయి వేశాయి.

ఆ తరం కట్టిన షెల్టర్లు ఇప్పుడు పాతబడ్డాయి. మేము చూసిన వాటిలో ఒకదానికి మెట్ల ఊచలు తుప్పు పట్టి ఊడిపోయాయి, మరొకదానిలో గడ్డివాము ఉంది. తర్వాత కాలంలో ప్రపంచ బ్యాంకు సాయంతో కట్టినవి మెరుగ్గా ఉన్నాయి. కానీ భవనం ఉండటం వేరు, ఆ రాత్రి దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఊరందరికీ తెలిసి ఉండటం వేరు.

కట్ట కంటే ముందు అలను ఆపేది మడ అడవి. కృష్ణా అభయారణ్యంలో మిగిలిన మడ చెట్లు ఈ సీమకు దేవుడు ఇచ్చిన గోడ. వేళ్లతో నేలను పట్టుకుంటాయి, అల జోరును తగ్గిస్తాయి, చేప పిల్లలకు ఇల్లవుతాయి. చాలా చోట్ల ఆ గోడను తవ్వి చెరువులు చేశాం. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. నది తెచ్చే మట్టి తగ్గితే డెల్టా అంచు పెరగదు, సముద్రం దాన్ని కొరుక్కుంటూ వస్తుంది. నది నీరు తగ్గిన నెలల్లో ఉప్పు నీరు లోపలికి వస్తుంది. గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువల వల్ల వాన నీరు బయటికి పోదు. అంటే తుఫాను ఒక రాత్రిలో చేసే నష్టానికి మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ మనమే దారి వేస్తున్నాం.

దెబ్బలు కూడా దగ్గర దగ్గరగా పడుతున్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది, కోతకొచ్చిన వరి తడిసింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది, దివిసీమ లంకలు మునిగాయి. 2025 అక్టోబరులో మొంథా. రెండేళ్లలో మూడు దెబ్బలు. మొదటి దెబ్బకు చేసిన అప్పు తీరకముందే రెండోది, రెండో దాని వడ్డీ కడుతుండగా మూడోది. "కోలుకుంటున్నారా?" అని అడిగితే నాగాయలంక దగ్గర ఒక పెద్దాయన, "ఏ తుఫాను నుంచి బాబూ?" అని తిరిగి అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

సంఘం చేయగలిగేది

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో తొలి సంఘంలో వచ్చిన ఒక తగాదా ఉంది. అనుదిన పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చూసీచూడనట్టు వదిలేస్తున్నారని సణుగు పుట్టింది. అక్కడ ఆహారం లేక కాదు, ఇచ్చే మనసు లేక కాదు. కొందరి పేర్లు వరుసలోకి రావడం లేదు. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని కొట్టివేయలేదు, ఓర్చుకోండని బోధించి ఊరుకోలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎంచుకుని, ఆ పని వాళ్ల చేతుల్లో పెట్టారు. ఆ ఏడుగురి పేర్లన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరుగుతోందో వాళ్ల మధ్య నుంచే పనివాళ్లు లేచారు.

మొంథా తర్వాత మన ముందున్న కష్టం కూడా ఇదే రకానిది. ఇచ్చేవాళ్లు ఉన్నారు, పథకాలు ఉన్నాయి, పేర్లు లేవు. కాబట్టి సంఘాలకు మేము చేసే మనవి కొత్త నిధి గురించి కాదు, ముందు ఒక పుస్తకం గురించి.

ప్రతి తీర సంఘంలో ఒక రిజిస్టరు పెట్టండి. పాస్టరు గారొక్కరే రాయనక్కరలేదు. ఒక కౌలు రైతు, ఒక కూలి అమ్మ, ఒక నేతగాడు, చదువుకున్న ఇద్దరు యువకులు కలిసి రాయాలి. మందిరానికి వచ్చేవారివే కాదు, పేటలో అందరివీ. ఎవరిది కౌలు, ఎవరికి కార్డు ఉంది, ఎవరి ఇంట్లో మంచాన పడ్డవారున్నారు, ఎవరు ఒంటరి, ఎవరి మగ్గంలో నీళ్లు, ఎన్నాళ్లు పని పోయింది. తుఫాను తర్వాత అధికారులు జాబితా రాసి సచివాలయంలో అంటించినప్పుడు మన పుస్తకం పక్కన పెట్టి చూడండి. లేని పేరు కనబడితే గడువులోపు అర్జీ రాసి ఇవ్వండి. జీవనాధారం పోయిన కుటుంబాలకు ఉన్న వీలును పేరు పెట్టి అడగండి. ఇది రాజకీయం కాదు. అక్షరం తెలిసినవాడు తెలియనివాడికి చేసే పొరుగు సాయం.

భూమి ఉన్న విశ్వాసులకు ఒక మాట. మీ చేను కౌలుకు చేసేవారికి కార్డు మీద సంతకం పెట్టండి. ఆ కార్డు పదకొండు నెలలదే, దానివల్ల భూమి మీద హక్కు మారదని చట్టమే చెబుతోంది. ఈ ఏడాది పరిహారం మీ ఖాతాలో పడితే, సాగు చేసినవారి ఇంటికి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. మక్తాలో కొంత తగ్గించండి. మందిరంలో వేసే కానుకకు తోడు ఇది కూడా కానుకే.

పట్టణాల్లోని పెద్ద సంఘాలకు ఒక మాట. తుఫాను వారంలో దుప్పట్లు, బియ్యం పంపారు, మంచిదే. ఇప్పుడు కావలసింది వేరు. మూడో నెలలో, అంటే సంక్రాంతి లోపు, ఒక పేటను ఎంచుకుని వాళ్లను అడిగి పంపండి. ఒకచోట నూలు కావచ్చు, ఒకచోట పిల్లల ఫీజు కావచ్చు, ఒకచోట వారం వడ్డీ అప్పు తీర్చే చిన్న మొత్తం కావచ్చు. క్రిస్మస్‌కు కొనే బట్టల్లో కొన్నైనా పెడన మగ్గం మీదివి, పెడన బల్ల మీద అద్దినవి కొనండి. దానం తీసుకోవడం కంటే సరుకు అమ్ముకోవడం వాళ్లకు ఇష్టం, గౌరవం.

మందిరాల గురించి కూడా ఆలోచించాలి. తీరంలో మన మందిరాలు చాలావాటికి గట్టి కప్పు ఉంది. ఆ రాత్రికి తలుపు తెరిచే మనిషి ఎవరు? నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి, ముసలివారు ఎక్కగలిగే వాలు దారి, దీపం ఉన్నాయా? మన మందిరంలోకి పక్క వీధి హిందువులు, ముస్లిములు మొహమాటం లేకుండా రాగలరా? తుఫాను లేని రోజుల్లో పొరుగువారితో మనకున్న పలకరింపు మీద ఆ జవాబు ఆధారపడుతుంది. అలాగే మడ మొక్కలు నాటే పనిలో, మురుగు కాలువలో గుర్రపుడెక్క తీసే పనిలో మన యువజన కూటాలు ముందుండవచ్చు. సృష్టిని కాయమని మనకు ఇచ్చిన ఆజ్ఞ ఆదివారం ప్రార్థనతో ముగియదు.

ప్రభుత్వానికీ మూడు మాటలు చెప్పాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం ఒక్కటే దారి కాకుండా, గ్రామసభ సాక్ష్యాన్ని కూడా ఒప్పుకోవాలి. తుఫాను హెచ్చరిక వల్ల పోయే వేట రోజులకు, మగ్గం, అద్దకం పని ఆగిన రోజులకు లెక్క కట్టే పద్ధతి తేవాలి. పాత షెల్టర్లను, సముద్రపు కట్టలను వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపు తనిఖీ చేసి, ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది ఊరికి తెలియజేయాలి.

2027 నవంబరు 19 నాటికి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు స్మారక స్తూపాల దగ్గర దీపాలు వెలిగిస్తారు, ప్రార్థనలు జరుగుతాయి, పెద్దలు వచ్చి మాట్లాడతారు. దానికి ఇంకా రెండేళ్లుంది. ఈ రెండేళ్లలో గుడివాడ నుంచి సొర్లగొంది దాకా ప్రతి సంఘంలో ఆ రిజిస్టరు తయారు కావాలని మా ఆశ. 1977లో పోయినవారిలో ఎంతోమంది పేర్లు ఎక్కడా రాసి లేవు. ఇప్పుడు బతికి ఉన్నవారి పేర్లయినా రాసి పెట్టుకుందాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని మొదలుపెట్టవచ్చు.